కాగితాల పెట్టెలో పెట్టిన జాతకం

ముప్పై ఎనిమిదేళ్లలో నేను చుట్టిన ట్రాన్స్‌ఫార్మర్ ఒక్కటి కూడా తిరిగి నా బల్ల మీదికి రాలేదని చెప్పుకు తిరిగేవాణ్ణి. అడిగినవాళ్లకీ చెప్పేవాణ్ణి, అడగనివాళ్లకీ చెప్పేవాణ్ణి. మా సందు మొదట్లో కాఫీ కొట్టు ఆయన నన్ను చూడగానే "తెలుసు సార్, తిరిగి రాలేదు" అని తనే అనేసి గ్లాసు చేతికిచ్చేవాడు. ఇది తిరిగి వచ్చిన ఆ ఒక్కదాని కథ. దాన్ని వెనక్కి మోసుకొచ్చినవాణ్ణి కూడా నేనే.

ఈ పని గురించి తెలియని పిల్లల కోసం నాలుగు మాటలు. పాత వాల్వు రేడియో వెనక అట్ట విప్పితే ఒక మూల ఇటుకంత ఇనప ముద్ద కనిపిస్తుంది. గోడలోంచి వచ్చే కరెంటును లోపలి వాల్వులకు ఎంతెంత కావాలో అంతంతగా పంచడం దాని పని. ఇనప రేకుల మధ్య ఒక బాబిన్, దాని మీద వేల చుట్లు రాగి తీగ, వరసకూ వరసకూ మధ్య ఒక కాగితం. అరవై ఏళ్ల సెట్టులో మొదట కాలిపోయేది ఇదే. కొత్తది ఎక్కడా దొరకదు. పాత తీగ లెక్కపెడుతూ విప్పి, అదే లెక్కకు కొత్త తీగ చుట్టాలి. పాత రేడియోలు బాగు చేయించి హాల్లో పెట్టుకునే సరదా ఊళ్లో మొదలయ్యాక మా షాపుకు మళ్లీ కళ వచ్చింది. పురసవాక్కంలో ఒక పట్టుచీరల కొట్టు వెనక సందు మాది. చుట్టడం నా వంతు, మిగతా సెట్టు పనంతా నాకంటే ఇరవై ఏళ్లు చిన్నవాడైన నా జతగాడి వంతు. షాపులో మేమిద్దరమే.

మా షాపులో రెండు ఆచారాలుండేవి. మొదటిది, లెక్క నడుస్తున్నప్పుడు ఎవరూ మాట్లాడకూడదు. తీగ చుట్టే మెషిన్‌కు చుట్లు లెక్కపెట్టే మీటరు ఉంది. దాని మీద నాకు నమ్మకం లేదు, నోట్లో నేనూ లెక్కపెట్టుకుంటాను. ఎవరైనా వచ్చి ఏదైనా అంటే తల ఊపుతాను. ఆ ఊపుకు "నువ్వు వచ్చావని తెలిసింది, నోరు మూసుకుని నిలబడు" అని మాత్రమే అర్థం. ఒప్పుకున్నానని కాదు, విన్నానని కూడా కాదు. ఒకసారి మా ఆవిడ షాపుకొచ్చి ఏదో అడిగితే తల ఊపానట. ఆ సాయంత్రం ఇంటికెళ్లేసరికి ఆవిడ చెల్లెలు, మరిది, వాళ్ల ముగ్గురు పిల్లలు పది రోజులుండటానికి దిగి ఉన్నారు. నా జతగాడికి పందొమ్మిదేళ్లలో ఈ అలవాటు నాకంటే గట్టిగా పట్టుకుంది.

రెండోది కాగితాల పెట్టె. మన మద్రాసు గాలిలో కాగితం రెండు రోజులకే చెమ్మగిల్లుతుంది. చెమ్మగిల్లిన కాగితం కరెంటును ఆపలేదు. అందుకని ఒక టేకు పెట్టెలో నలభై వాట్ల బల్బు రాత్రీ పగలూ వెలిగించి, కాగితాలన్నీ అందులో ఉంచేవాళ్లం. మందంవి పేపరు కొట్టు నుంచి వచ్చేవి, పల్చటివి పక్కనున్న చీరల కొట్టు నుంచి. పట్టుచీర మడతల మధ్య పెట్టే కాగితం మా పనికి దివ్యంగా ఉంటుంది. "మన తలకాయల మీద సరైన ఫ్యాను లేదు, కాయితాలకు మాత్రం రాజభోగం" అని నా జతగాడు గొణిగేవాడు.

అతనికి నలభై ఒకటి. పనిమంతుడు, నెమ్మదస్తుడు, పెళ్లి కాలేదు. కంప్యూటర్‌లో వేయించిన జాతకంలో కుజదోషం వచ్చింది. అదే, ఇక్కడివాళ్లు సెవ్వాయ్ దోషం అంటారు. ఆ ముక్క చూసి ఐదు సంబంధాలు వెనక్కి పోయాయి. నేను ఊరుకునేవాణ్ణా? షాపుకు జంటగా స్పీకర్లు వచ్చినప్పుడల్లా అతనికి చూపించి నవ్వేవాణ్ణి. ఇప్పుడు తలుచుకుంటే చిరాకేస్తుంది. అప్పుడు మాత్రం నేను చాలా సరసుణ్ణనుకునేవాణ్ణి.

ఆ ఏడు పోయిన వాళ్లమ్మ పెట్టెలో అసలు జాతకం దొరికింది. ఎప్పుడో కన్నుమూసిన పాత జోస్యుడు స్వహస్తంతో రాసింది. వెనక పక్క, కుజదోషం ఉన్నా ఫలానా కారణాల వల్ల అది వర్తించదని ఆయన రాశాడు. సరిగ్గా అప్పుడే పెరంబూరు నుంచి ఒక సంబంధం వచ్చింది. అమ్మాయికి ముప్పై ఆరు, రైల్వే వర్క్‌షాపులో టెక్నీషియన్. అమ్మానాన్న లేరు, అవ్వ పెంచింది. ఆ అవ్వ ఒకే మాట చెప్పింది: కంప్యూటర్ కాయితం నేను ముట్టుకోను, పెద్దాయన చేత్తో రాసింది ఆదివారం పట్టుకు రండి, ఆ మాట నా కళ్లతో చదివితేనే పెళ్లి. నా జతగాడికి వెంట వచ్చే పెద్దలు లేరు. "మీరే పెద్దగా రావాల అన్నా" అన్నాడు. వెంటనే ఒప్పుకున్నాను. పెద్దరికం అంటే నాకు మొదటి నుంచీ ఇష్టమే.

సోమవారం జోరున వాన. నేను టి. నగర్ ప్రొఫెసరుగారి సెట్టు పట్టుకుని కూర్చున్నాను. ఆయన లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. ముగ్గురు మెకానిక్‌లు చేతులెత్తేశాక నా దగ్గరికి వచ్చాడు. నా ట్రాన్స్‌ఫార్మర్ తిరిగి రాదని ఆయనకు ముప్పావుగంట సేపు చెప్పి పంపాను. నేను ఎనిమిది వందల పన్నెండో చుట్టులో ఉండగా ఒక తడి చొక్కా ఎదురుగా వచ్చి నిలబడింది, ఏదో చూపించింది, ఎటో చెయ్యి చూపింది. నేను తల ఊపాను. చొక్కా వెళ్లిపోయింది. నాకు గుర్తున్నది ఇంతే.

ఆ రాత్రికి అతని వీధిలో మోకాలి లోతు నీళ్లు. గురువారం దాకా రాలేకపోయాడు. మంగళవారం నేను ఒక్కణ్ణే పనిలో కూర్చున్నాను. మొదటి చుట్ట అయింది. దానికీ, పైన వచ్చే ఎక్కువ వోల్టేజి చుట్టకూ మధ్య ఒక మంచి మందపాటి కాగితం వెయ్యాలి. మందంవి అయిపోయాయి. వానకు పేపరు కొట్టు మూసి ఉంది. పెట్టె అడుగున చెయ్యి పెడితే ఒకటి తగిలింది. పాత రోజుల నాటు కాగితం. వెచ్చగా, ఎండిపోయి, గలగలమంటోంది. దాని మీద ఎర్రసిరా గళ్లు కూడా ఉన్నాయి. కత్తిరించడానికి స్కేలు అక్కర్లేదని సంతోషించాను. రాత ఉంది, చూశాను. కాగితం మీద రాత చదివే అలవాటు నాకు లేదు, మందం చూస్తానంతే. బాబిన్ వెడల్పుకు కోసి చుట్టాను. మిగిలిన ముక్కతో బల్ల మీద కారిన మైనం తుడిచి పారేశాను. ఆ పైన రెండు వేల ఆరువందల చుట్లు వేశాను.

చివర్లో మొత్తం మైనంలో ముంచాను. చాలామంది వార్నిష్ వేస్తారు. అది రాయిలా బిగుసుకుంటుంది. మైనమైతే వేడి చేస్తే వదులుతుంది, ఇంకో తరంలో ఇంకెవరైనా విప్పుకోవచ్చు. అది మా గురువుగారు నేర్పిన మర్యాద. ఆ ఇంకెవరో నేనే అవుతానని ఆయనా చెప్పలేదు, నేనూ అనుకోలేదు. గురువారం టి. నగర్‌లో బిగించి వచ్చాను. సెట్టు గుడిగంటలా పలికింది.

శుక్రవారం నా జతగాడు వచ్చీ రాగానే కాగితాల పెట్టె తెరిచాడు. ఒక్కొక్క కాగితం తీశాడు. మళ్లీ ఒక్కొక్కటీ పెట్టాడు.

"ఏంది ఎతుకుతా ఉండావు?" అన్నాను.

"జాతకం అన్నా. సోమవారం వానలో తడిసిపోయిండె. ఆరతాదని ఈడ పెట్టినా. మీకు చూపిచ్చే కదా పెట్టినా. మీరు తల కూడా ఊపినారే."

"అది ఎట్లా ఉంటాది?"

"పాత కాయితం అన్నా. ఎర్ర ఇంకుతో గళ్లు గీసుంటాది."

మంగళవారం నేను కత్తిరించిన గళ్లు గుర్తొచ్చాయి. ఇక్కడ నేను వెంటనే నిజం చెప్పానని రాయాలని ఉంది. చెప్పలేదు. "యాడికి పోతాది, ఈడే ఉంటాది" అని అతనితో పాటు నేనూ వెతకడం మొదలుపెట్టాను. అది ఎక్కడుందో అంగుళంతో సహా తెలిసి, బల్ల కింద దూరాను, బీరువా జరిపాను. మధ్యాహ్నానికి "ముఖ్యమైన కాయితాన్ని ఇట్లనా పెట్టేది, ఫోటో అయినా తీసుకోలేదా" అని కసిరాను కూడా.

"తీసినా అన్నా. ముందు పక్క మాత్రం. రాసింది వెనక పక్క దానే" అన్నాడు. అని స్టూలు మీద కూర్చుని, "పర్వాలేదు. ఐదు పోయినాయి, ఇది ఆరోది. పొయ్యేది పోనీ" అన్నాడు. కోపంగా అనలేదు. రోజూ చెప్పే మాటలా అన్నాడు. అతన్ని స్పీకర్లు చూపించి ఏడిపించిన రోజులన్నీ ఒక్కసారిగా నా మీద పడ్డాయి. అప్పుడు చెప్పేశాను.

అతను నా వంక చూశాడు. తిడతాడనుకున్నాను. "మందం సరిపోయిందా అన్నా?" అన్నాడు.

"బాగా సరిపోయింది."

"అమ్మ దాచిపెట్టిన కాయితం కదా" అని ముఖం తిప్పుకున్నాడు.

శనివారం ఇద్దరం టి. నగర్ వెళ్లాం. ప్రొఫెసరుగారు హాల్లో రేడియో ముందు మా ఇద్దరికీ కుర్చీలు వేయించాడు. పాట విని మెచ్చుకోవడానికి వచ్చామనుకున్నాడు. విషయం చెప్పాక కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"అంటే, మూడు దినాలుగా నేను ఈయన జాతకం ఇంటా ఉండానా?"

"అవును సార్."

"అదేదో అనుకున్నా. పొద్దన్నే గురుగ్రహం గురించి ప్రసంగం శానా తెలివిగా వినిపించింది" అన్నాడు. నవ్వుతున్నాడో లేదో తెలియలేదు. తర్వాత నా వైపు తిరిగాడు. "మీది తిరిగి రాదు కదప్పా. ముప్పావుగంట చెప్పినారు."

"ఇది వస్తాది సార్" అన్నాను. ఆ మూడు ముక్కలు అనడానికి నాకెంత కష్టమైందో మా ఆవిడకు కూడా చెప్పలేదు.

ఆయన రెండు షరతులు పెట్టాడు. ఆ సాయంత్రం బంధువులు పాటలు వినడానికి వస్తున్నారు కాబట్టి ఆదివారం పొద్దున్నే విప్పాలి. విప్పేటప్పుడు తను దగ్గరుండి లెక్క చూడాలి. రెండు వేల ఆరువందలని బిల్లు మీద రాశాను కదా, అవునో కాదో తేల్చుకుంటాడట.

ఆదివారం పొద్దున ఇనప రేకులు ఊడదీసి, చుట్ట ఒక్కటీ బయటికి తీసేసరికే తొమ్మిదిన్నర. షాపుకు వెళ్లి విప్పే వ్యవధి లేదు. పదిన్నరకు పెరంబూరులో ఉండాలి. అందుకని ముగ్గురం ఒకే ఆటోలో ఎక్కాం. నా ఒళ్లో చేతి మెషిన్, నా జతగాడి ఒళ్లో పూలు పళ్లు, ప్రొఫెసరుగారి ఒళ్లో తువ్వాల్లో చుట్టిన ట్రాన్స్‌ఫార్మర్ చుట్ట. పెళ్లివారింటి గుమ్మంలో అవ్వ ఆయన్నే మగపెళ్లివారి పెద్దనుకుని ముందు ఆయనకు దణ్ణం పెట్టింది. తువ్వాల్లో ఉన్నది లాంఛనమనుకుని చేతులు చాచింది కూడా.

కూర్చున్నాక అవ్వ ఊపిరి తీసుకోకుండా అరగంట మాట్లాడింది. వానలు, మోకాళ్లు, తన పెళ్లికి వచ్చిన ఏనుగు, అన్నీ అయ్యాక, "జాతకం తీయండి" అంది. నేను తువ్వాలు విప్పి జరిగింది చెప్పాను.

"జాతకాన్ని రేడియోలో పెట్టి చుట్టినారా?" అంది అవ్వ. "మగోళ్లను ముగ్గుర్ని చేర్చి పంపితే ఇదా చేసేది?"

"నాకు దీంట్లో పాత్ర లేదమ్మా. నేను రేడియో గలవాణ్ణి" అన్నాడు ప్రొఫెసరుగారు.

నేను సంచిలోంచి కత్తి తీశాను. అడ్డంగా కోస్తే రెండు నిమిషాల్లో కాగితం వస్తుంది. నేను చుట్టిన వాటిల్లో అంత బాగా కుదిరిన చుట్ట ఇంకోటి లేదు. కళ్లు మూసుకుని కత్తి పెట్టబోతుంటే లోపలి గది నుంచి అమ్మాయి వచ్చింది. తలలో పూలున్నాయి, చేతిలో కాఫీ పళ్లెం లేదు.

"ఆగండి మామా" అని చుట్ట చేతిలోకి తీసుకుని వెలుతురుకు పెట్టి చూసింది. "ఎవురు చుట్టింది?"

"నేనేమ్మా."

"దీనికి కత్తి పెట్టడానికి మీకు చెయ్యెట్లా వస్తా ఉంది? మైనమే కదా. విప్పుదాం."

ఆ అమ్మాయి వర్క్‌షాపులో చేసేది మోటార్ల వైండింగు పని. పక్కింటి నుంచి జుట్టు ఆరబెట్టుకునే డ్రైయరు తెచ్చి చుట్టకు వేడి పట్టింది. హాలు మధ్యలో చాప వేసింది. నేను మెషిన్ పిడి పట్టుకున్నాను. తీగ తెగకుండా వేళ్ల మధ్య నడిపించడం ఆమె. పక్కనే కూర్చుని, వచ్చిన కాగితం వచ్చినట్టు ఒబ్బిడిగా పరవడం నా జతగాడు. అవ్వ ఏదో అనబోయింది. నేను చెయ్యెత్తాను.

"అవ్వా, లెక్క మొదలైతే ఎవురూ మాట్లాడకూడదు."

అలా జరిగాయి నేను చూసిన పెళ్లిచూపులన్నిటిలోకీ విచిత్రమైనవి. గంటకు పైగా ఆ ఇంట్లో పిడి కిర్రుమన్న చప్పుడు తప్ప ఇంకేం లేదు. నేను లోపల లెక్కపెడుతున్నాను, నా జతగాడు లెక్కపెడుతున్నాడు, ప్రొఫెసరుగారు వేళ్లు మడుస్తున్నాడు. అవ్వ ఉండలేక వంటింట్లోకి వెళ్లి కాఫీ తెచ్చి, "చక్కెర ఎయ్యనా?" అంది. ముగ్గురం తల ఊపాం. ప్రొఫెసరుగారికి షుగరు. మాట్లాడకుండా తాగేశాడు.

ఆ మధ్యలో అమ్మాయి తీగ మీది నుంచి కళ్లు తిప్పకుండా నా జతగాడితో మెల్లిగా ఏదో అంది. అతను తల ఊపాడు. కాసేపటికి ఇంకేదో అంది. మళ్లీ ఊపాడు. నాలుగైదు సార్లు జరిగిందది. ఆమె ముఖం ఒక్కోసారికీ కొంచెం కొంచెం విచ్చుకుంటోంది. లెక్కలో ఉన్నవాడి ఊపుకు అర్థమేమిటో నాకు తెలుసు. కానీ నేను పదకొండు వందల్లో ఉన్నాను, ఆపలేను.

రెండు వేల ఆరువందల మూడు దగ్గర తీగ అయిపోయింది. "మూడెక్కువ" అన్నాడు ప్రొఫెసరుగారు తృప్తిగా. అడుగున కాగితం కనిపించింది. ఆ అమ్మాయే గోటితో అంచు లేపి, చిరగకుండా తీసి అవ్వ చేతికిచ్చింది. మైనం పట్టి తమలపాకులా నిగనిగలాడుతోంది. అవ్వ కళ్లజోడు పెట్టుకుని ముందు పక్క చదివింది, తల పంకించింది. వెనక్కి తిప్పి గట్టిగా చదివింది.

"కుజదోషము కలదు. అయితే."

అందరం ఎదురుచూశాం.

"అయితే?" అంది అవ్వ.

"అంతే అవ్వా. ఆ తర్వాతది నేను కోసేసినా."

"ఆ ముక్క యాడుంది?"

"దాంతో మైనం తుడిచినా" అన్నాను.

నా జతగాడు పరిచిన కాగితాలన్నీ అంచులు కలిపి దొంతర పెడుతున్నాడు, తల ఎత్తలేదు. ఆరోదీ పోయిందనుకున్నాడు పాపం. నేను లేచి అవ్వ కాళ్లు పట్టుకుందామని చూస్తున్నాను. అవ్వ అతని వైపే చూస్తోంది.

"గంటసేపు" అంది అవ్వ. "గంటసేపు నోరెత్తకుండా ఒక పని ముందర కూచున్న మగోణ్ణి నేను డెబ్బై ఎనిమిదేండ్లలో చూళ్లేదు. మా ఆయన తాళి కట్టేటప్పుడు కూడా వాగతానే ఉండె. దోసముంటే ఉండనీ. ఏమ్మే, నువ్వేమంటావు?"

"నేను అడగాల్సింది అడిగినా అవ్వా. ఆయన అన్నిటికీ సరేనన్నారు" అంది అమ్మాయి.

ముహూర్తాల మాట మొదలయ్యాక ప్రొఫెసరుగారు గొంతు సవరించుకున్నాడు. సెట్టు మళ్లీ చుట్టినప్పుడు ఇదే కాగితం వెయ్యాలట. దీంతోనే అంత బాగా పలికిందట, వేరే కాగితానికి తను ఒప్పుకోడట. అవ్వ ఒక్క క్షణం ఆలోచించి ఇచ్చేసింది. "తీసుకుపోండి. ఇంట్లో ఉంటే ఎవురో ఒకరు చదివి, అయితే ఏంది అని అడగతారు." మర్నాడు డ్యూటీ దిగి అమ్మాయే మా షాపుకొచ్చింది. ఈసారి తీగ ఆమె నడిపించింది, పిడి నా జతగాడు తిప్పాడు, నేను కుర్చీలో కూర్చుని చూశాను. ఆ జాతకం ఇప్పటికీ టి. నగర్‌లో ఒక రేడియో లోపల ఉంది.

ఆ ఆదివారం పెరంబూరు నుంచి తిరిగి వస్తుంటే ఆటోలో అతన్ని అడిగాను. "ఆ పిల్ల ఏమడిగిందిరా?"

"తెలీదన్నా" అన్నాడు. ముఖం తెల్లగా పాలిపోయి ఉంది. "పద్నాలుగు వందల పదకొండులో ఉండాను."

ప్రొఫెసరుగారు ఆటో రాడ్డు పట్టుకుని టి. నగర్ దాకా నవ్వుతూనే ఉన్నాడు.

వెళ్లి అడుగు, ఇప్పుడైనా చెప్పు, అని వారం రోజులు పోరాను. అతను వెళ్లాడు. ఆమెకు నిజం చెప్పాడు. ఆమె నవ్వి, "ఇప్పుడు లెక్క లేదు కదా. మళ్లీ ఒకసారి ఊపండి, సరిపోతాది" అందట. మళ్లీ ఊపాడట. ఏమిటో అడిగి ఊపాల్సిందని ఇంటికొచ్చాక తోచిందట.

నేను రిటైరై రెండేళ్లయింది. కాగితాల పెట్టె మీద ఇప్పుడు పెద్ద అక్షరాలతో చీటీ ఉంది: ఇందులో ఉన్నది ఏదైనా చుట్టబడును. ఈ పనిలోకి వచ్చేవాళ్లకు నేను చెప్పగలిగింది కూడా అంతకంటే లేదు. మొన్న పొద్దున తొమ్మిదింటికి షాపు వైపు వెళ్తే నా జతగాడు ఇంకా రాలేదు. పదింటికి వచ్చాడు, చేతికి మసాలా వాసన, చొక్కాకు పసుపు మరక. ఆమెకు పొద్దున షిఫ్టు ఉన్న వారాల్లో వంట అతనిదట, అవ్వ మోకాళ్లకు నూనె రాయడమూ అతనిదేనట.

"ఇవన్నీ ఆ దినం ఒప్పుకున్నవేనా?" అన్నాను.

"నాలుగు తెలిసినాయి అన్నా" అన్నాడు బల్బు వెలుగుతోందో లేదో చూస్తూ. "ఐదోది ఏందో తను ఇంకా చెప్పలేదు." బెంగగా అన్నాడేమోనని ముఖంలోకి చూశాను. నవ్వుతున్నాడు.